ఎవరూ కూర్చోని కుర్చీ

మా ఊరి పేరు లోకమంతా నోట్లో పెట్టుకుని నములుతుంది. ఆ ఊరెక్కడుందని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తుంది. ఇంగ్లండులో, కెంట్ తూర్పు కొసన, స్టౌర్ ఏటి ఒడ్డునున్న శాండ్‌విచ్ మాది. ఒకప్పుడు ఓడలు గుమ్మాల దాకా వచ్చేవట. ఏరు ఇసక మేట వేసింది, సముద్రం రెండు మైళ్ళు వెనక్కి పోయింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

పట్టుకున్నది వదలకపోవడం మా వాళ్ళ జబ్బు. అయిదు వందల ఏళ్ళ క్రితం ఫ్రెంచివాళ్ళు వచ్చి ఊరు తగలబెట్టి మేయరుని చంపేశారని, ఇవాళ్టికీ మా మేయరు సంతాపంగా నల్లగౌనే వేసుకుంటాడు. వీధుల్లోకి పందుల్ని వదలడం మానేసి ఎన్ని తరాలయిందో ఎవరికీ తెలియదు కానీ, వదిలే వేళయిందని చెప్పే గంట చర్చిలో రోజూ సాయంత్రం ఎనిమిదింటికి మోగుతూనే ఉంది. అలాంటి ఊళ్ళో బెరిల్ పెట్‌మన్ ఒక చెక్క కుర్చీలో ముప్పై రెండేళ్ళపాటు ఎవర్నీ కూర్చోనివ్వలేదంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు.

బెరిల్ పోయి ఈ మార్చికి మూడేళ్ళు. ఆవిడ టీ దుకాణం నా కొట్టుకి ఎదురుగానే ఉండేది. నా పేరు రెజ్, నాది మాంసం కొట్టు. ఆవిడ శాండ్‌విచ్‌లలోకి పంది మాంసం ఉడకబెట్టి, పల్చగా కోసి ఇచ్చేది నేనే. రామ్స్‌గేట్ నుంచి ఈ ఊరి పిల్లని చేసుకుని వచ్చి ముప్పై అయిదేళ్ళయింది, అంటే ఊరి లెక్కలో నిన్న వచ్చినవాణ్ణి. ఆ రామ్స్‌గేట్ ఎంతో దూరం కూడా కాదు, ఆరు మైళ్ళు.

బెరిల్ పొట్టిగా, గట్టిగా ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళకి, "వచ్చినవాడల్లా రొట్టె అంచు వదిలేసి వెన్న రాసేవాడే నాయనా, అంచు దగ్గర చెయ్యి ఆపేవాడు సంసారంలోనూ అక్కడే ఆపుతాడు" అనేది. వెన్న విషయంలో ఆవిడకి అంత పట్టింపు. నాలుగు అంచులకీ వెన్న తగలాలి, లేకపోతే దోసకాయ నీరు రొట్టెలోకి దిగి చెమ్మవుతుందని చెప్పేది. దుకాణంలో నాలుగు బల్లలు, పదకొండు కుర్చీలు ఉండేవి. కిటికీ పక్కన పన్నెండోది, చేతులున్న ఎల్మ్ చెక్క కుర్చీ. దానికి ఈ చేతినుంచి ఆ చేతికి ఎర్రటి నాడా కట్టి ఉండేది.

వేసవిలో ఊరు చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ ఒకటే ప్రశ్న అడుగుతాడు. శాండ్‌విచ్ పుట్టింది ఇక్కడేనా? మేమందరం నీళ్ళు నమిలేవాళ్ళం. బెరిల్ నమలదు. చేతులు తుడుచుకుని, ఆ కుర్చీ పక్కన నిలబడి మొదలుపెట్టేది.

"ఇదిగో, శాండ్‌విచ్ దొరగారు ఇందులోనే కూర్చున్నారు. పేకాట. తెల్లవార్లూ పేకాటే. ఆకలేస్తోంది, లేస్తే ఆట పోతుంది, చేత్తో మాంసం తింటే పేకముక్కలకి జిడ్డవుతుంది. 'ఒరేయ్, ఆ మాంసం ముక్క రెండు రొట్టెల మధ్య పెట్టి తగలెయ్' అని నౌకరు మీద అరిచాడు. అంతే, పుట్టింది. ఈ చెయ్యి మీద గాట్లు చూశారా? ఓడినప్పుడల్లా కత్తి తీసి ఒకటి పెట్టేవాడు. పాపం, బాగానే ఓడాడు."

కుడి చేతి మీద గాట్లు నిజంగానే ఉండేవి. పదులకొద్దీ, ఒకదాని మీద ఒకటి. వచ్చినవాళ్ళు వాటిని వేళ్ళతో తడిమి, ఫొటోలు తీసుకుని, రెండేసి శాండ్‌విచ్‌లు తిని వెళ్ళేవాళ్ళు. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. బెరిల్ ఆడితే మేకు కొట్టినట్టుండేది.

ఈ మేకుని రోజూ పీకడానికి చూసే మనిషి ఒకాయన ఉండేవాడు. హ్యూబర్ట్ ఇంపెట్. బడిపంతులుగా చేసి మానేశాక ఊరి పాత కాగితాలన్నీ ఆయనే చూసుకునేవాడు. డోవర్ మనిషి, నాలాగే పరాయివాడు, ఒంటివాడు. పగలు పన్నెండున్నరకి తలుపు తోసుకుని వచ్చి, ఎర్రనాడా కుర్చీ పక్క బల్ల దగ్గరే కూర్చునేవాడు. పాతికేళ్ళ పైగా నేను విన్న సంభాషణ ఇది.

"మిస్ పెట్‌మన్, ఆ దొర ఈ ఊళ్ళో ఒక్క పూట బస చేసినట్టు ఎక్కడా లేదండీ."

"చెయ్యలేదని మీరు చూశారా?"

"కాగితాల్లో లేదు."

"నిన్న మీరు నా దగ్గర దోసకాయ శాండ్‌విచ్ తిన్నారు. అది ఏ కాగితంలో ఉంది?"

"వాళ్ళ పూర్వీకుడొకడికి రాజుగారు బిరుదిచ్చినప్పుడు మొదట పోర్ట్స్‌మత్ పేరు పెట్టుకుందామనుకున్నాడు. తన ఓడలు మన రేవు బయట ఆగి ఉన్నాయని మన పేరు పెట్టుకున్నాడు. అంతకుమించి మనకీ వాళ్ళకీ చుట్టరికం లేదు. ఆ పేకాట కథ కూడా లండన్ వాళ్ళు ఎవరో గిట్టక పుట్టించింది అయ్యుండొచ్చు. పని బల్ల దగ్గర తిన్నాడని ఇంకోమాట ఉంది."

"చూశారా, తిన్నాడని మీరే ఒప్పుకుంటున్నారు."

"పోనీ ఆ గాట్ల సంగతి చెప్పండి. ఏ దొరయినా కుర్చీ చేతి మీద కత్తి పెడతాడా? అది కూలివాడి అలవాటు."

ఆ మాట వచ్చినప్పుడు మాత్రం బెరిల్, "టీ చల్లారిపోతోంది, తాగండి" అని లోపలికి వెళ్ళిపోయేది. నేనది గమనించాను కానీ పట్టించుకోలేదు. మాంసం కొట్టేవాడికి ఎముక ఎక్కడుందో తెలుస్తుందంటారు, నాకు తెలియలేదు.

ఒకసారి హ్యూబర్ట్ లోకపటం పట్టుకొచ్చి, మా పేరున్న చోట్లన్నీ వేలు పెట్టి చూపించాడు. అమెరికాలో మూడు నాలుగు, కెనడాలో ఒకటి. దొర మెప్పు కోసం ఒక నావికుడు దీవులకి కూడా ఆ పేరే పెట్టాడట. కొన్ని తర్వాత పేరు మార్చుకున్నాయి. అడుగున మంచు సముద్రంలో ఉన్నవి మాత్రం ఇంకా అదే పేరు మోస్తున్నాయి, అక్కడ మనిషనేవాడు లేడు, పెంగ్విన్‌లే. బెరిల్ శ్రద్ధగా విని, "ఊరి పేరు దొర పట్టుకుపోయాడు, దొర పేరు రొట్టె పట్టుకుపోయింది, మిగిలింది పెంగ్విన్‌లకి పంచారన్నమాట. సొమ్మొకడిది సోకొకడిది" అంది. ఆ సామెత తిరిగొచ్చి తనకే తగులుతుందని అప్పుడు ఆవిడకి తెలియదు.

1987 మే నెలలో అమెరికానుంచి మిసెస్ థర్స్టన్ అనే ఆవిడ వచ్చింది. మసాచుసెట్స్‌లో మా పేరే పెట్టుకున్న ఊరు వాళ్ళది. ఊరు కట్టుకుని మూడు వందల యాభై ఏళ్ళయిందని పండగ చేసుకుంటూ, మాతృగ్రామం నుంచి ఏదైనా గుర్తు తీసుకువెళ్దామని వచ్చింది. పొడుగాటి మనిషి. వాన లేకపోయినా వానటోపీ పెట్టుకుని తిరిగేది. బెరిల్ దుకాణం కిక్కిరిసి ఉన్న మధ్యాహ్నం కుర్చీ కథ మొత్తం విని, కళ్ళు తుడుచుకుంది.

"మిస్ పెట్‌మన్, ఇంత గొప్ప వస్తువు మా ఊరి మ్యూజియంకి ఇస్తారా? కళ్ళకద్దుకుని చూసుకుంటాం."

"తీసుకెళ్ళండి తల్లీ, దొరగారికీ విమానం ఎక్కిన సరదా తీరుతుంది" అంది బెరిల్. అందరూ నవ్వారు. బెరిల్ కూడా నవ్వింది.

మిసెస్ థర్స్టన్ నవ్వలేదు. ఆవిడ కాగితం తీసి రాసుకుంది. మర్నాటికి పేపర్లో పడింది. ఆ మర్నాడు మేయరు వచ్చి బెరిల్ చేతులు పట్టుకుని ఊపాడు. ఊరి పేరు నిలబెట్టావన్నాడు. శుక్రవారం పదకొండు గంటలకి దుకాణంలోనే చిన్న సభ, ఆ తర్వాత కుర్చీ పెట్టెలోకి, పెట్టె ఓడలోకి. ఇది ఆ దొర కుర్చీయే అని హ్యూబర్ట్ ఇంపెట్ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, అంతే మిగిలింది.

ఆ మూడు రోజులూ బెరిల్ దొర మాట ఎత్తలేదు. నేను మాంసం పట్టుకెళ్తే పళ్ళెం అందుకుని అలాగే నిలబడేది. ఒకసారి వెన్న అంచు దాకా రాయకుండా రొట్టె మూసేయడం నా కళ్ళతో చూశాను. ఏమైందని అడిగితే, "కుర్చీ పోతే ఆ మూల బోసిపోతుందేమో రెజ్" అంది. "ఇంకో కుర్చీ వేసుకో" అన్నాను. నా తెలివి అంత.

గురువారం పొద్దున హ్యూబర్ట్ నా కొట్టుకి వచ్చాడు. ఆయన మాంసం కొనే మనిషి కాదు. చేతిలో కాగితం ఉంది.

"రెజ్, నాకు డెబ్బై ఒకటి. ఇంతవరకూ తెలిసి ఒక్క అబద్ధం కాగితం మీద పెట్టలేదు. ఆ కాళ్ళు యంత్రం మీద చెక్కినవి. దొర పోయిన నూరేళ్ళకి కూడా ఆ కుర్చీ పుట్టలేదు."

"అయితే పెట్టొద్దు."

"పెట్టకపోతే రేపు అందరి ముందూ ఆవిడ దొంగవుతుంది. పేపరువాళ్ళొస్తారు. ఆవిడ తలవంచుకుని నిలబడటం నేను చూడలేనయ్యా."

అప్పుడు అర్థమైంది నాకు, పాతికేళ్ళు ఆ మనిషి పోట్లాటకి వచ్చేది పోట్లాట కోసం కాదని. నాకు కోపం కూడా వచ్చింది, ఇద్దరి మీదా. పక్కపక్కనే రెండు జీవితాలు పెట్టుకుని ఒక కుర్చీ గురించి కొట్టుకుంటారా అని. "కుర్చీయేగా మాస్టారూ, పెట్టి పారెయ్యండి" అన్నాను. నా మాంసం కోసే మొద్దు మీదే కాగితం పరిచి సంతకం పెట్టాడు. పెట్టాక చెయ్యి తుడుచుకున్నాడు.

శుక్రవారం దుకాణంలో కాలు పెట్టే చోటు లేదు. మేయరు నల్లగౌనులో, మెడలో గొలుసుతో వచ్చాడు. ముసలి పెర్స్, ఒకప్పటి పడవవాడు, తలుపు దగ్గర కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. బెరిల్ ఏప్రన్ తీసేసి నీలం గౌను వేసుకుంది. ఎర్రనాడా తనే విప్పింది. విప్పిన నాడాని చేతికి చుట్టుకుంటూ, విప్పుతూ నిలబడింది.

హ్యూబర్ట్ కాగితం చదివాడు. తరగతిలో నలభై ఏళ్ళు ఖంగుమన్న గొంతు ఆ రోజు మూడో వరుసకి కూడా వినబడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు మిసెస్ థర్స్టన్ సంచిలోంచి ఇత్తడి పలక తీసింది. ముందే చెక్కించుకుని తెచ్చింది. దొర పేరు, బిరుదు, బతికిన కాలం. "దీన్ని ఇక్కడే, మీ అందరి ఎదుట బిగిద్దామని" అంటూ మా వడ్రంగి చేతికిచ్చింది. వాడు పలకని కుడి చేతి మీద, సరిగ్గా గాట్ల మీద పెట్టి, మరమేకు తిప్పడం మొదలుపెట్టాడు. చెక్క కిర్రుమంది.

"ఆపు!"

బెరిల్ అంత గట్టిగా అరవడం అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు. వడ్రంగి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఆ గాట్లు మా నాన్నవి. దాని మీద ఇంకొకడి పేరు కొట్టకు."

 బెరిల్ కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది, మేయరు వైపు చూడలేదు, అమెరికా ఆవిడ వైపే చూస్తూ చెప్పింది.

"దొరా లేడు, పేకాటా లేదమ్మా. మా నాన్న పేరు సైలస్ పెట్‌మన్. బురదనేలల్లో కాలవలు తవ్వే కూలి. మోకాళ్ళు పోయాక ఇక్కడే, ఈ కిటికీ దగ్గరే ఈ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నేను కోసిన పల్చటి రొట్టె ముందు పెడితే, 'ఇది తిండా, ఉత్తరమా? చదవనా, తిననా?' అనేవాడు. తన రొట్టె తనే కోసుకునేవాడు. పొలంలో ఎలా తిన్నాడో అలాగే తినేవాడు. లావుపాటి రొట్టె ముక్క, దాని మీద మాంసం, ఆ మాంసం మీద బొటనవేలంత చిన్న రొట్టె ముక్క. చేతికి బురద ఉంటుంది కదా, మాంసానికి అంటకుండా బొటనవేలు ఆ చిన్న ముక్క మీద నొక్కి పట్టుకుని, కత్తితో కోసుకుంటూ తింటారు. బల్ల అక్కర్లేదనేవాడు. కుర్చీ చెయ్యే బల్ల. అవే ఈ గాట్లు."

ఊపిరి తీసుకుంది.

"నా చిన్నప్పుడు, పొలంలో అంతా తిన్నాక ఆ బొటనవేలి ముక్క మిగిలేది. మిగతా కూలీలు కుక్కకి వేసేవాళ్ళు. మా నాన్న జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. అది నాది. వేలిముద్ర పడి, మట్టి వాసన కొట్టేది. దానికంటే రుచైంది నేను ఇంతవరకూ చెయ్యలేదు."

"మరి ఆ దొర కథ ఎందుకమ్మా?" అన్నాడు మేయరు. కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు.

"నాన్న పోయిన ఎనిమిదో నాడు దుకాణం తెరిచానండీ. ఎవరో పెద్దమనిషి, ఇంత శరీరం, వచ్చి ఈ కుర్చీలో కూలబడబోయాడు. 'అది మా నాన్నది' అందామంటే ఏడుపొస్తుందని భయమేసింది. 'కూర్చోకండి, అందులో దొరగారు కూర్చున్నారు' అనేశాను. ఆయన టోపీ తీసి దణ్ణం పెట్టినంత పని చేశాడు. నాన్న పేరు చెబితే ఎవడు తీస్తాడు టోపీ? అలా మొదలైంది." చేతిలో ఉన్న నాడా వైపు చూసుకుంది. "మా నాన్న కుర్చీలో ఎవడూ కూర్చోకూడదనుకున్నాను. ముప్పై రెండేళ్ళుగా ఒకణ్ణి కూర్చోబెట్టింది నేనే."

తలుపు దగ్గర పెర్స్ కర్ర నేలకి తాటించాడు. "సైలస్ కుర్చీ అని మాకందరికీ తెలుసులే బెరిల్."

"తెలిస్తే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్పలేదుగా."

మా ఊరివాళ్ళు ఇంతే. ఒక మనిషి అబద్ధం పట్టుకుని వేలాడుతుంటే, కింద చేతులు పట్టి నిలబడతారు కానీ నోరు విప్పరు. పరాయివాళ్ళం హ్యూబర్ట్, నేను, మాకే తెలియలేదు.

హ్యూబర్ట్ ఇంపెట్ తన కాగితాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చించి జేబులో పెట్టుకున్నాడు. మిసెస్ థర్స్టన్ వానటోపీ తీసింది. మా ఊళ్ళో ఆవిడ అది తీయడం అదే మొదటిసారి. "మా ఊరు కట్టినవాళ్ళలో దొర ఒక్కడూ లేడు మిస్ పెట్‌మన్. వాళ్ళూ బురదలో దిగినవాళ్ళే. పలక మీద మీ నాన్నగారి పేరు చెక్కిస్తాను, ఇప్పుడైనా ఇవ్వండి" అంది.

"ఇవ్వనమ్మా. ఇప్పుడే కదా ఆయన్ని ఇంటికి తెచ్చుకున్నాను" అంది బెరిల్.

కుర్చీకి బదులు ఆ బొటనవేలి రొట్టె ఎలా కోయాలో ఆవిడకి నేర్పి పంపింది. మాంసం నా కొట్టుదే. పేపరువాళ్ళు మర్నాడు ఏదో రాశారు. వారం రోజులు నవ్వారు, తర్వాత మర్చిపోయారు. దొరని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు కొంచెం తగ్గారు. బెరిల్ మాత్రం అడిగినవాళ్ళకల్లా సైలస్ గురించి చెప్పడం మొదలుపెట్టింది. నిజం చెప్పినా అదే నాటకం, అవే చేతులు తిప్పడం.

సోమవారం పన్నెండున్నరకి హ్యూబర్ట్ తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలికి వస్తే ఏం మాట్లాడాలో తెలియదు కాబోలు, పోట్లాటకి విషయమే లేకుండా పోయింది. నేను మాంసం పళ్ళెంతో వెనకే ఉన్నాను. ఆయన ఎప్పుడూ కూర్చునే కుర్చీని బెరిల్ ఎత్తి వంటగదిలో పెట్టేసింది.

"మిస్ పెట్‌మన్, నా కుర్చీ ఏదండీ?"

"అదిగో" అంది కిటికీ వైపు చూపిస్తూ. నాడా లేదు.

"అందులోనా? వద్దండీ, అది మీ నాన్నగారిది."

"పుట్టాక ఒక్క అబద్ధం రాశారట, రెజ్ చెప్పాడు, అదీ నా కోసం. అది కూడా అతికినట్టు రాయలేకపోయారు. కూర్చోండి మాస్టారూ, కాళ్ళు నొప్పులు పుడతాయి."

ఆయన అంచు మీద కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా వెనక్కి వాలాడు. బెరిల్ లావుపాటి రొట్టె, దాని మీద నా మాంసం, దాని మీద చిన్న ముక్క, పక్కన మడతకత్తి తెచ్చి కుర్చీ చేతి మీద పెట్టింది. ఆయనకి అలా తినడం రాదు. రెండుసార్లు మాంసం జారింది, ఒకసారి వేలు కోసుకున్నంత పనైంది. బెరిల్ నవ్వు ఆపుకోలేదు. చివరికి ఎలాగో తిన్నాడు. బొటనవేలి కింద చిన్న ముక్క మిగిలింది. దాన్నేం చేయాలో తెలియక అటూ ఇటూ చూసి, చూసి, చెయ్యి చాపాడు.

"ఇది నీది కదా, బెరిల్" అన్నాడు.

ఆవిడ అందుకుని నోట్లో వేసుకుంది.